గంగలో విడిచిన పెరుగు

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ ప్రేమ్‌సాగర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఆసుపత్రి సిబ్బందికి, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మన రక్తపరీక్షల భీమప్ప గారికి, తాండూరు నుంచి నాతో వచ్చి నా వైపు కంటే గోడ గడియారం వైపు ఎక్కువగా చూస్తున్న మా తమ్ముడు వెంకటేశ్వర్‌కు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నా పేరు కస్తూరమ్మ. మాకు తాండూరులో కందిపప్పు మిల్లు ఉంది. ఇంటికి నేను పెద్దదాన్ని. చదివింది పదో తరగతి. భజనలో తప్ప ఎక్కడా మైకు పట్టుకోలేదు. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా పని చేసిన మనిషిని ఐదు నిమిషాల్లో పొగడడం నాకు చేతకాదు. అందుకని ఒక్క పొద్దుటి సంగతి చెప్తాను.

నాలుగు నెలల కిందట ఒక శుక్రవారం. రోజూ లేచినట్టే నాలుగున్నరకు లేచాను. వాకిట్లో నాపరాళ్లు కడిగి ముగ్గు వేశాను. స్నానం చేసి దేవుడి గదిలో దీపం వెలిగించాను. వంటింట్లో తమ్ముడి చాయ్‌కి పాలు పొంగుతున్నాయి. మా చిన్నచెల్లెలు సంజనకు రాగిజావ నీళ్లతో కాచి వేరే గిన్నెలో పెట్టాను. ఆరింటికి మిల్లు మోటారు మొదలైంది. కిటికీ మూసినా పొట్టు దుమ్ము లోపలికి వస్తూనే ఉంటుంది, దాని వాసన లేకపోతే మాకు తెల్లవారినట్టు ఉండదు. సంజన పది నెలల కొడుకును భుజాన వేసుకొని వచ్చి ఎప్పటిలాగే గడప పక్కన కూర్చుంది. పిల్లవాడి పేరు హర్షవర్ధన్. మేము హర్ష అంటాం. హారతి గంట కొట్టగానే వాడు తల్లి భుజం మీది నుంచి తల తిప్పి చెయ్యి చాచేవాడు. రోజూ జరిగేదే కనుక ఆ చెయ్యి ఎప్పటి నుంచి రావడం లేదో నేను గమనించలేదు.

ఆ రోజు గమనించాను. గంట కొట్టాను. తల తిప్పలేదు. దగ్గరికి వెళ్లి కొట్టాను. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడడం లేదు. చిన్న చెయ్యి వణుకుతోంది.

"సలి పెడ్తున్నట్టుంది, దుప్పటి కప్పు," అన్నాను.

ఆ రోజు చలి లేదు. అది నాకూ తెలుసు. అయినా హారతి పూర్తిచేసి, ప్రసాదం పంచి, అప్పుడు వాణ్ణి చేతుల్లోకి తీసుకున్నాను. ఆ పది నిమిషాలు నేను ఎందుకు ఆగానో ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

సంజన నాకంటే పందొమ్మిదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది గాని, అమ్మ పోయాక నా చేతి ముద్దలతో పెరిగిన బిడ్డ. పెళ్లయి ఆరేళ్లకు కూడా పిల్లలు లేరు. ఇప్పటికి నాలుగేళ్ల కిందట అందరం కాశీకి పోయాం. గంగలో మునిగి ఇష్టమైనది ఒకటి విడిచి రావాలి కదా. మా తమ్ముడు పొట్లకాయ విడిచాడు. పుట్టినప్పటి నుంచి పొట్లకాయ ముట్టని మనిషి. (నవ్వులు) వాడిని చూసి సంజన కాకరకాయ అంది. నాకు కోపం వచ్చింది.

"ఇష్టం లేనిది విడిస్తె మొక్కెట్లయితదే? పెరుగు లేకుంట నీకు ముద్ద దిగది. అది విడువు. అప్పుడు దేవుడు ఇంటడు," అన్నాను.

నడుములోతు నీళ్లలో నిలబడి నా మొహం చూసింది. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి అన్నీ విడిచింది. అది ఒక్కతే విడిచింది అనిపించకూడదని నేనూ విడిచాను. తర్వాత రెండేళ్లకు కడుపు పండింది. పాలు విడిచినందుకే పండిందని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పురిటి పథ్యంలో కూడా అది చుక్క ముట్టలేదు. కాన్పుకు వచ్చింది, బిడ్డ కాస్త గట్టిపడ్డాక అత్తగారింటికి పోదువు అన్నాను, మా దగ్గరే ఉంది.

ఆరు నెలలప్పుడు హర్ష బోర్లాపడేవాడు, కిలకిల నవ్వేవాడు. తర్వాత తగ్గింది. నెమ్మదస్తుడు, ఏడిపించడు అని మురిసిపోయాం. రంగు పాలిపోయింది. మా అమ్మ రంగు వచ్చింది అనుకున్నాం. జుట్టు పలచబడి ఎర్రబడింది. పుట్టు వెంట్రుకలు అంతేలే అన్నాం. వేళ్ల కణుపులు నల్లబడితే సున్నిపిండితో రుద్దాను. తల్లిపాలు తప్ప ఏ ముద్దా మింగకపోతే, తల్లి మీద అంత ప్రేమ అన్నాం. అప్పుడప్పుడు అనుమానం వస్తే మందుల షాపులో రక్తం పెరిగే మందు కొని పోశాం. మా ఇంట్లో ప్రతి లోపానికీ ఒక మంచి పేరు పెట్టుకున్నాం. అదే మేము చేసిన తప్పు.

ఆ శుక్రవారం పొద్దున నేను, సంజన, కబురు అందుకొని వచ్చిన దాని భర్త మహేష్ రైలెక్కి వికారాబాద్ వచ్చాం. దారి పొడవునా హర్ష చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది. నిద్రపోయినప్పుడు ఆగేది, లేస్తే మళ్లీ మొదలు. నేను నామాలు చదువుతూ కూర్చున్నాను. మధ్యలో వరస తప్పాను. నలభై ఏళ్లలో ఎప్పుడూ తప్పలేదు.

ప్రేమ్‌సాగర్ గారు చూసి రక్తపరీక్ష రాశారు. రక్తపరీక్షల కిటికీ ముందు వరుస పెద్దది. నా ముందున్న ఒకాయన విసుక్కుంటున్నాడు. "గా ముసలాయిన అద్దాలు తోముకుంట కూసుంటడు. మిషిను రెండు నిమిషాల్ల చెప్తది, ఈన అర్ధగంట చూస్తడు." ఆ అద్దాల మనిషి ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. (నవ్వులు)

భీమప్ప గారి చేతి కింద పనిచేసే బిందమ్మ ఇక్కడే ఉంది, అడగండి. ఆ అమ్మాయి మిషన్ కాగితం పట్టుకొని వచ్చి, "సారూ, రక్తం తక్కువుంది, గంతే. పంపిస్తున్న," అంది. భీమప్ప గారు, "మిషిను లెక్క వెడ్తది బిడ్డా, మొఖం జూడది. చిన్నపిల్లల రక్తం నేను చూడంది పంపియ్య. జర ఆగుమను," అన్నారు. ఒక రక్తపు చుక్కను గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో పలచగా లాగి, ఆరబెట్టి, రంగు పోసి, కడిగి, సూక్ష్మదర్శినిలో పెట్టారు. వరుసలో అందరూ గొణుగుతున్నారు. నేనూ గొణిగాను. క్షమించండి, భీమప్పన్నా.

అరగంటకు బయటికి వచ్చారు. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. ముందు హర్ష వేళ్లు చూశారు. తర్వాత సంజన వేళ్లు చూశారు.

"తల్లి ఏం తింటదమ్మా?"

"అన్ని తింటది సారూ. మాది పప్పు మిల్లు. పప్పుకు కొదవ లేదు."

"పప్పు సరే. గుడ్డు?"

"శివ శివా. మా ఇంట్ల ముట్టం."

"పాలు? పెరుగు?"

నేను తల ఎత్తి చెప్పాను. దాచిపెట్టి ఏం లాభం, గర్వంగానే చెప్పాను. "నాలుగేండ్లాయె సారూ. గంగల విడిచింది. బాలింతప్పుడు సుత చుక్క ముట్టలే."

ఆయనది యాలాల్ దిక్కు, ఇంట్లో కన్నడం కూడా నడుస్తుంది. "అయ్యో దేవరే," అని మెల్లగా అనుకొని లోపలికి పోయారు. ప్రేమ్‌సాగర్ గారిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. తల్లి రక్తమూ పిల్లవాడి రక్తమూ బి12 పరీక్షకు హైదరాబాద్ పంపారు. జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆ మధ్యాహ్నమే వార్డులో చేర్చుకొని ఇద్దరికీ సూదిమందు మొదలుపెట్టారు.

నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తిండివేళ దాటిపోయినా భీమప్ప గారు వచ్చి పక్కన కూర్చున్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పారు.

"బి12 అంటే రోజుకు ఒక ఆవగింజల వెయ్యో వంతంత సాలు చెల్లె. గంతే. గని గంతకూడ లేకుంటె రక్తకణం పెద్దగ ఉబ్బుతది, సరిగ తయారు గాదు. నరాల మీద పొర ఒకటుంటది, అది నిలవది. పిల్లగాని మెదడు పెరిగే వయసు గద ఇది. పప్పుల బలముంది, నేను కాదంటలేను. గని గిది పప్పుల ఉండది, ఆకుకూరల ఉండది. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, వీటిల్లనే ఉంటది. గుడ్డు, మాంసం మీరు ముట్టరు. పాడి ఒక్కటి మిగిలింటె దాన్ని గంగల కలిపిండ్రు."

"మరి నాలుగేండ్లు దానికేం గాలేదు గద సారూ?"

"ఒంట్ల నిల్వ ఉంటది. ఏండ్లకేండ్లు ఎల్లదీస్తది."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. గోదాములో నిల్వ ఉన్నన్నాళ్లు మిల్లు ఆడుతూనే ఉంటుంది. కొత్త బస్తా రావడం లేదన్న సంగతి ఆఖరి బస్తా విప్పిన రోజే తెలుస్తుంది. సంజన దగ్గర ఉన్న ఆఖరి గింజలు కడుపులో ఉన్నప్పుడే బిడ్డకు పోయాయి. తర్వాత పాలల్లో పంపడానికి ఏమీ మిగల్లేదు. మేము పోసిన రక్తపు మందులో ఇనుము ఉంది, ఇంకేవో ఉన్నాయి, కావలసింది లేదు. అలాంటి మందులతో ఒక్కోసారి రక్తం లెక్క బాగుపడినట్టు కనిపించి, లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయట. అందుకే సొంతంగా కొనొద్దన్నారు.

ఆ బెంచీ మీద కూర్చొని ఆయన వచ్చేపోయే వాళ్లకు చెప్పేవన్నీ తర్వాతి రోజుల్లో విన్నాను. చిగుళ్ల నుంచి రక్తం కారుతుందన్న ముసలాయనకు నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు చెప్పారు. అది విటమిన్ సి. కాళ్లు వంకర తిరిగిన పాపను చూపించి తల్లి, "వాళ్ల నాయిన పోలిక," అంటే, "పోలిక గాదు, డి విటమిన్. ఎండల తిప్పుతున్నవా? డాక్టరుకు చూపియ్యి," అన్నారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు సందెవేళ కాగానే అమ్మ గోడ తడుముకుంటూ నడిచేది. కడుపుతో ఉన్నవాళ్లకు అంతేలే అనేవాళ్లు. అది రేచీకటి అనీ, విటమిన్ ఏ లేకపోతే వస్తుందనీ యాభై ఏళ్ల తర్వాత ఈ ఆసుపత్రి బెంచీ మీద తెలిసింది. అమ్మ లేదు చెప్పడానికి.

ఆ మొదటి రోజు బెంచీ మీది నుంచి నేను లేచి నాలుగడుగులు వేశానో లేదో, బిందమ్మ వెనక నుంచి పిలిచింది. "అమ్మా, మీ చెప్పు ఇక్కడ్నే ఉంది." ఒక కాలికి చెప్పు లేకుండా నడుస్తున్నాను. నాకు తెలియలేదు. భీమప్ప గారు నా కాలి వైపు చూశారు, వేళ్ల వైపు చూశారు.

"నువ్వు సుత విడిచినవా?"

"దానికి తోడుగ."

"తిమ్మిర్లు ఎన్నొద్దుల సంది?"

"వయసు గద సారూ."

"వయసు నాకు తెల్వదా, నీకంటె పెద్దోన్ని. రేపు పొద్దుగాల రక్తపరీక్షకు చెయ్యి సాపు."

"ముందు పిల్లోడు గానియ్యిండ్రి," అని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఆదివారం. హర్ష వణుకు తగ్గాల్సింది పోయి పెరిగింది. చేతులే కాదు, తల, నాలుక కూడా. సంజన గొంతు ఆరిపోయేలా ఏడ్చింది. మందు మొదలయ్యాక కొందరు పిల్లల్లో ఇలా కొన్నాళ్లు ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది అని ప్రేమ్‌సాగర్ గారు ముందే చెప్పారు. చెప్పినా కళ్ల ముందు చూస్తుంటే మనసు నిలుస్తుందా. ఆ రోజు సెలవైనా భీమప్ప గారు వచ్చారు. ఏ పనీ లేదు ఆయనకు అక్కడ. వార్డు బయట స్టూలు వేసుకొని కూర్చున్నారు. "ఫికర్ జెయ్యకుండ్రి" అని కూడా అనలేదు. ఊరికే కూర్చున్నారు. మా తాండూరు పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందో నన్ను అడిగారు. నేను చెప్పాను. ఆ గంటసేపు నేను ఊపిరి తీసుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం స్నేహలత సిస్టర్ వంగి ఉష్ణోగ్రత చూస్తుంటే, హర్ష ఆమె చెవి జూకా వైపు చూశాడు. జూకా కదిలితే కళ్లు కదిలాయి. సిస్టర్ కదలకుండా అలాగే వంగి ఉండిపోయింది. నడుము నొప్పి వచ్చిందట తర్వాత. (నవ్వులు) సిస్టర్, మీకు నమస్కారం.

ఇప్పుడు వాడికి పద్నాలుగు నెలలు. వణుకు పోయింది. నవ్వుతున్నాడు. మెత్తగా కలిపిన ముద్ద మింగుతున్నాడు. కూర్చుంటున్నాడు, అప్పుడప్పుడు పక్కకు ఒరుగుతాడు. నిలబడడం లేదు. ఇంకా మాట లేదు. పూర్తిగా కోలుకుంటాడా అని ప్రతిసారీ అడుగుతాను. "తొందరగానే తెచ్చారు, ఆశ ఉంది, రెండేళ్లు నిండేదాకా చూద్దాం," అంటారు డాక్టరు గారు. తొందరగా అన్న మాట దగ్గర నాకు ఆ పది నిమిషాలు గుర్తొస్తాయి. వాడి ఈడు పిల్లలు మా వీధిలో గోడ పట్టుకొని నడుస్తుంటే కిటికీ వేసేసుకుంటున్నాను. ఇది మంచి పని కాదు, అయినా వేస్తున్నాను. వచ్చే వారం మళ్లీ చూపించాలి. ఆ తారీఖు దగ్గర పడుతున్నకొద్దీ నాకు నిద్ర తగ్గుతోంది.

ఇంకొక భయం కూడా ఉంది. రేపటి నుంచి ఆ కిటికీ వెనక భీమప్ప గారు ఉండరు. ప్రేమ్‌సాగర్ గారూ, మిషన్ మంచిదే, నేను కాదనను. కానీ పిల్లల రక్తానికి ఆ గాజుపలకలు తీసెయ్యకండి. డాక్టరు గారు తల ఊపుతున్నారు. రాసిస్తే ఇంకా బాగుంటుంది. (నవ్వులు) బిందమ్మా, వరుసలో మాలాంటి వాళ్లు తిడతారు. తిట్టనీ. నువ్వు చూడు. తల్లి ఏం తింటుందో కూడా అడుగు. మేము గర్వంగా జవాబు చెప్తే ఇంకో ప్రశ్న అడుగు.

అన్నా, మీకు శాలువా తెచ్చాం, మా మిల్లు పప్పు తెచ్చాం. అందులో బి12 లేదు, మన్నించాలి. (నవ్వులు, చప్పట్లు) మీకు, వదినగారికి భగవంతుడు ఆరోగ్యం ఇవ్వాలి. పిలిచి నిలబెట్టి మాట్లాడనిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ మొదటి రోజు సాయంత్రం మా ఇంటివాళ్లు ఏం నిశ్చయించారో మీకు తెలియదు. భీమప్ప గారికి కూడా తెలియదు. అది చెప్పి దిగిపోతాను.

సూది పడ్డాక హర్ష పడుకున్నాడు. తమ్ముడు మిల్లు ఆపేసి వచ్చాడు. వార్డు వరండాలో నలుగురం కింద కూర్చున్నాం. మహేష్ ఎదుటి హోటల్ నుంచి పెరుగన్నం పొట్లాలు తెచ్చాడు. సూదులు ఉన్నా, రోజూ తినే తిండి మారకపోతే మళ్లీ ఇదే గతి అని డాక్టరు గారు చెప్పి పంపారు. సంజన పొట్లం చూసి వెనక్కి జరిగింది.

"నేను ముట్ట. మొక్కుకు పుట్టిండు వీడు. మొక్కు తప్పినంక దేవుడు వాపసు తీసుకుంటె?"

"అది గాదు సంజనా, డాక్టరు..." అన్నాడు మహేష్.

"డాక్టరు మొక్కిండా?"

అందరూ నా వైపు చూశారు. మా ఇంట్లో ఆఖరి మాట నాదే, అది అలవాటు. నేను కళ్లు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు.

"పాపం నా మీద వెయ్యి. మొక్కిచ్చింది నేను. తిను," అన్నాను.

సంజన పొట్లాన్ని నా వైపు నెట్టింది. "మళ్లీ నువ్వే చెప్తున్నవు అక్కా. గంగల గూడ నువ్వే చెప్పినవు. మెట్లు దిగుతుంటె గోడ వట్టుకుంటున్నవు, నేను చూస్తలేననుకున్నవా? నా కొడుక్కు గిట్లయింది, నీక్కూడ అయితె నన్నెవరు చూస్తరు?"

అప్పుడు మా తమ్ముడు, పొట్లకాయ విడిచిన మనిషి, నా ముందుకు జరిగి కూర్చున్నాడు. నా ముందు వాడు గొంతు పెంచింది లేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఇన్నేండ్లు నువ్వు చెప్పినవు, మేం ఇన్నం. ఇయ్యాల మేం చెప్తం, నువ్వు ఇను. రేపు పొద్దుగాల కిటికీ కాడ ముందు చెయ్యి నీది. ఇగ నుంచి మన ఇంట్ల ఒకరి నోటికి ఇంకొకరు మొక్కుడు బంద్. దేవునికి ఏం చెప్పుకోవాల్నో సంజన చెప్పుకుంటది, నువ్వు నడుమ రాకు."

"మరి పెరుగు?" అన్నాను.

"నువ్వు తింటె నేను తింట," అంది సంజన.

మహేష్ సరే అన్నాడు. తమ్ముడు సరే అన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. పొట్లం విప్పి నా ముందు పెట్టారు. ముందు నేను తిన్నాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు సంజన తిన్నది.

సెలవు.